బరువు మీద బిగించాలి

తుప్పు రాలి కంట్లో పడింది. కారు కింద వెల్లకిలా పడుకున్న ఆర్నాల్డ్ ట్రాంటర్ తిట్టుకోలేదు, తుడుచుకోనూ లేదు. చేతికంతా మసి. రెండుసార్లు గట్టిగా రెప్పలు కొట్టి, ఊరిన నీళ్ళతోనే ఆ తుప్పును బయటికి పంపించి, మళ్ళీ పానా అందుకున్నాడు. నలభై ఏళ్ళుగా అతను ఏడ్చిందంతా ఇలాంటి ఏడుపే.

అతని మొహానికి జానెడు ఎత్తున ఉన్నది ఓ చిన్న రెండు సీట్ల కారు. ముదురాకుపచ్చ రంగు, తీగల చక్రాలు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాపు. అరవైల్లో మా వైపు ఫ్యాక్టరీల నుంచి ఇలాంటి బళ్ళు వేలకు వేలు బయటికొచ్చాయి. అప్పట్లో వీటిని కొన్నది పెళ్ళికాని కుర్రాళ్ళు. ఇప్పుడు వెతుక్కుని కొంటున్నది బట్టతలలొచ్చిన ఆ కుర్రాళ్ళే. తయారు చేసినవాళ్ళు మాత్రం అప్పుడూ కొనలేదు, ఇప్పుడూ కొనలేదు. క్రాడ్లీలో రైలు వంతెన కింద మాల్కమ్ నడిపే షెడ్డులో, చలి నేల మీద అట్టపెట్టె పరుచుకుని, వాటి కింద పడుకుంటున్నారు.

ఈ కారు వెనక భాగాన్ని మోసేవి రెండు కమానుకట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు. కట్ట ముందు కొస కారు అడుగు రేకుకు అతికించిన ఒక ఉక్కు పట్టులో, బుష్షు అనే రబ్బరు తొడుగు మధ్యగా దూరే లావుపాటి బోల్టుతో నిలబడుతుంది. ఇరవై ఏళ్ళ వాన, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పట్టులోకి చేరి లోపల్నుంచి తినేశాయి. పైన రంగు మాత్రం పెళ్ళికొడుకులా మెరుస్తూనే ఉంది. పోయిన వారం ట్రాంటర్ స్క్రూడ్రైవరుతో ఓ పోటు పొడిస్తే బిస్కత్తులా విరిగి ఊడిపడింది. కుళ్ళిందంతా కోసేశాడు, కొత్త ఉక్కు వెల్డింగు చేశాడు, రంగు పట్టించాడు. ఇవాళ మిగిలిందల్లా కొత్త రబ్బర్లు వేసి కమాన్లను పట్లలో కూర్చోబెట్టి బిగించడం. అది అయిపోతే కారు పనీ అయిపోతుంది, ట్రాంటర్ ఉద్యోగమూ అయిపోతుంది. ఇవాళే అతని ఆఖరి రోజు.

సాయంత్రం ఐదింటికి బార్మత్ బస్సు.

బార్మత్‌లో, సముద్రం ఒడ్డున, ట్రాంటర్ భార్య బెరిల్ అక్క గ్వెన్‌కు నాలుగు గదుల అతిథిగృహం ఉంది. మొగుడు పోయాక ఒక్కతే చేసుకోలేక, మీరిద్దరూ వచ్చెయ్యండి, ఇల్లూ మీదే పనీ మీదే అని ఆవిడ ఎన్నాళ్ళ నుంచో పిలుస్తోంది. బెరిల్ పోయిన వేసవిలోనే పెట్టె సర్దింది. ఎవరిదో బండి పని మధ్యలో ఉందన్నాడు ట్రాంటర్. క్రిస్మస్ ముందు మళ్ళీ సర్దింది. మాల్కమ్ నడుం పట్టేసి మంచంలో ఉన్నాడన్నాడు. ఈస్టర్‌కి ఆమె సర్దనే లేదు, అడిగింది మాత్రమే. ఇవాళ పొద్దున అతను టీ తాగుతుండగా, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పే రోజులు ఎప్పుడో గడిచిపోయాయి.

"టిక్కెట్టు కొన్నాను, ఆర్నాల్డ్. నువ్వొస్తే ఇంకోటి బస్సులోనే కొనుక్కోవచ్చు. రాకపోతే నేనొక్కదాన్నే పోతాను."

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. కాస్త బిగింపు పనే మిగిలింది."

"తరవాత వస్తానని మాత్రం అనకు. ఆ మాట ఇంక నా చెవిన పడొద్దు. ఇవాళ రాకపోతే అసలు రాకు."

"వస్తానంటున్నాగా!"

"ఊఁ," అంది బెరిల్.

ట్రాంటర్ మంచివాడు. మా వీధిలో ఎవర్నడిగినా ఆ మాటే అంటారు. నోట్లో నాలుక లేదు, తాగి గోల చెయ్యడు, ఎవరి కుళాయి కారినా వచ్చి బాగుచేసి టీ కూడా పుచ్చుకోకుండా పోతాడు. అలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టమే తల్లీ అని పక్కింటివాళ్ళు అంటే బెరిల్ మొహం అదోలా పెట్టుకునేది. వాళ్ళింట్లో కుళాయి మూడేళ్ళుగా కారుతోంది మరి.

పది దాటాక గోర్డన్ కెటిల్ పెట్టాడు. గోర్డన్ షెడ్డులో ఇంజన్లు చూస్తాడు. అరవైకి దగ్గరపడ్డా నోరు మాత్రం పాతికేళ్ళది. పని మానేసి వెళ్ళేవాడే అందరికీ కేకులు కొనిపెట్టడం మా దగ్గర ఆచారం, వెళ్ళిపోతున్నందుకు జరిమానా అన్నమాట. ట్రాంటర్ పొద్దున వస్తూ బేకరీలో మీగడ కేకులు కట్టించుకుని తెచ్చాడు. గోర్డన్ పెట్టె మూత తీసి లోపలికి తొంగిచూశాడు.

"మూడేనా! ఇన్నేళ్ళు నీ మూతి చూస్తూ పనిచేసినందుకు నాకొక్కడికే మూడు రావాలి, గురూ."

"నాది తీసుకో."

"చూశావా మాల్కమ్, ఆఖరి రోజు కూడా దెబ్బలాడడు. నీతో కాపురం ఎలా చేసిందయ్యా ఆవిడ? గోడతో మాట్లాడినట్టు ఉండదూ?"

మాల్కమ్ వేలికంటిన మీగడ నాకుతూ నవ్వాడు. "ఆర్నాల్డ్, లెత్‌బ్రిడ్జ్ గారు నాలుగున్నరకి లారీ తీసుకుని వస్తారు. ఆయన కారు అప్పటికి కిందికి దిగి ఉండాలి. ఉంటుందిగా?"

"భోజనం వేళకే అయిపోతుంది."

నిజంగానే అయిపోయింది. ట్రాంటర్ చేతులు అంత వేగంగా కదలడం గోర్డన్ ఎప్పుడూ చూడలేదు. కారు చట్రం నాలుగు ఇనప స్టాండ్ల మీద ఉంది, వెనక చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. రబ్బర్లు తొడిగాడు, బోల్టులు దూర్చాడు, పానాకి ఇనప గొట్టం తొడిగి బలంకొద్దీ బిగించాడు. మనసు మాత్రం బస్సు మీదే ఉంది. బార్మత్‌లో గ్వెన్ ఇంటి వెనక గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. అక్కడ పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా బిగించాడు. ఆ తరవాత పొగగొట్టం ఎక్కించి పట్టీలు వేశాడు. కింద పడున్న చెత్తంతా ఊడ్చాడు.

కుళాయి దగ్గర గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో కాస్త పంచదార కలుపుకుని చేతులు రుద్దుకుంటున్నాడు. మసి అలాగైతేనే వదులుతుంది. మురికి నురుగు మణికట్ల దాకా వచ్చింది. ఉన్నట్టుండి ఆ చేతులు నీళ్ళ కింద అలాగే ఆగిపోయాయి.

చక్రాలు వేలాడుతుండగానే బిగించేశాడు.

ఈ పని తెలిసినవాడు ఎవడూ చెయ్యని తప్పు అది. ఆ బోల్టు బిగిస్తే రబ్బరు ఎలా ఉన్నదో అలాగే అతుక్కుపోతుంది. చొక్కా కుట్టేవాడు మనిషి చేతులు పైకెత్తి నిలబెట్టి చొక్కా కుట్టాడనుకోండి, చేతులు దించగానే చంకల్లో పట్టేస్తుంది. ఇదీ అంతే. కారు నేలకు దిగి కమాన్లు తమ బరువుతో చదునుగా కూర్చున్నాకే ఆ బోల్టులు బిగించాలి. లేదంటే రబ్బరు బతికినంతకాలం మెలిపడి ఉండి, ఏడాది తిరక్కుండానే చిరుగుతుంది. ఈ షెడ్డుకి రాకముందు అతను పనిచేసిన కార్ల ఫ్యాక్టరీలోనూ అదే పద్ధతి. ట్రాంటర్ వంతు వచ్చేసరికి కార్లు కొక్కేలకు వేలాడుతూ ఉండేవి. అతను బోల్టు దూర్చి, వేళ్ళతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేసేవాడు. కొన్ని బార్ల దూరంలో, చక్రాలు నేలను తాకే చోట, ఇంకొకడు బిగించేవాడు. పంతొమ్మిదేళ్ళు అతను చేసిన పని ఆ నాలుగు తిప్పులు.

ఆ నాలుగు తిప్పుల కోసమే ఓ రాత్రి షిఫ్టుకి వెళ్ళాడు. పక్కవాడు రాలేదు, లైను ఆగకూడదు అన్నారు. ఆ రాత్రే బెరిల్‌ను ఆసుపత్రిలో చేర్చారు. బిడ్డ నిలవలేదు. మర్నాడు ఆమె చేతిసంచి పట్టుకుని, ఒక్కతే, బస్సులో ఇంటికొచ్చింది. అతను బూట్లు విప్పుకుంటూ, చెప్పి ఉంటే వచ్చేవాణ్ణిగా అన్నాడు. "చెప్పాను," అంది బెరిల్. ఆ తరవాత వాళ్ళకు పిల్లలు కలగలేదు, ఆ మాటా మళ్ళీ రాలేదు.

ట్రాంటర్ చేతులు తుడుచుకుని కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని మొహం చూసి గోర్డన్‌కు సంగతి అర్థమైంది.

"వేలాడుతుండగా బిగించేశావా?"

"ఆఁ."

"నువ్వా! దేవుడా, నాకు ఓ కుర్చీ వెయ్యండి ఎవరైనా." గోర్డన్ కాసేపు నవ్వి, నవ్వు ఆపేశాడు. "వద్దు. ఆ చూపు నాకు తెలుసు. ముట్టుకోకు. ఆ రబ్బరు చిరిగేసరికి నువ్వు సముద్రం ఒడ్డున వేయించిన చేపలు తింటుంటావు. ఇంటికి పో."

"చిరుగుతుంది గోర్డన్. వెనక భాగం పక్కకి లాగుతుంది. మలుపులో..."

"లాగితే లాగనీ! వాడు మళ్ళీ వస్తాడు, నేనే బిగిస్తాను. నీ పెళ్ళాం ఎదురుచూస్తోంది రా ముసలోడా, ఇంటికి పో!"

"పొగగొట్టం మళ్ళీ దించాలంతే. గుంత మీదికి తోసి, కింద నిలబడి చేస్తే గంటలో..."

"గుంత మీద ఇంజన్ లేని వ్యాన్ ఉంది. నేను కదపను. నీ మేలు కోరే కదపను."

ట్రాంటర్ వ్యాన్‌ను చూశాడు, గోర్డన్‌ను చూశాడు. పోట్లాడలేదు. మూల పేర్చి ఉన్న, రైలు పట్టాల కింద వేసే చెక్క దుంగల దగ్గరికి వెళ్ళి, ఒకటి భుజానికెత్తుకున్నాడు. చక్రాల కింద దుంగలు పెట్టి కారును వాటి మీదికి దింపితే, కింద దూరేంత సందు ఉంటుంది. ఒక్కడే నాలుగు చక్రాలకూ పెట్టుకోవాలి, ఒక్కో మూలా జాకీ మీద ఎత్తాలి. రెండో దుంగ ఎత్తేసరికి గోర్డన్ బూతు మాటొకటి అని, వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

మధ్యలో ట్రాంటర్ ఆఫీసు గదిలోంచి ఇంటికి ఫోను చేశాడు.

"ఇంకో రెండు గంటలు పట్టేట్టుంది," అన్నాడు.

అవతల కుళాయి చుక్కల చప్పుడు వినిపించింది.

"సరే," అంది బెరిల్.

"నువ్వు బస్టాండుకి నడువు. నేను సరాసరి అక్కడికే వస్తా. నా పెట్టె కూడా తీసుకెళ్ళగలవా? మరీ బరువుంటే వదిలెయ్."

"నీ పెట్టె సర్దలేదు."

"అదేం?"

"నువ్వు రావుగా."

"బెరిల్, వస్తానంటున్నా. అయిపోవచ్చింది. తప్పుగా బిగించాను, అది అలా వదిలేసి రాలేను కదా."

"అవును, రాలేవు," అంది ఆమె. ఎత్తిపొడిచినట్టుగా కూడా అనలేదు. ఫోను పెట్టేసింది.

మళ్ళీ కిందికి దూరాడు. వదులైన పొగగొట్టం నుదుటికి కొట్టుకుంది. పొద్దున అంత సులువుగా బిగిసిన బోల్టులు ఇప్పుడు కదలనన్నాయి. అతను బిగించినవే, అంత బాగా బిగించాడు మరి. గొట్టం తొడిగి, పాదాలు గోడకు తన్నిపెట్టి లాగితే కుడివైపుది కిర్రుమని వదిలింది. వదలగానే మెలిపడ్డ రబ్బరు నిట్టూర్చినట్టు తిరిగి తన చోటికి వచ్చింది. కారు వెనక భాగం గోరంత కిందికి దిగింది. అది చూసి ట్రాంటర్‌కు హాయి అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. ఆ రోజంతటికీ అతను సుఖంగా ఊపిరి పీల్చుకున్నది ఆ ఒక్క క్షణమే. పెళ్ళాం పెట్టె పట్టుకుని బయల్దేరుతున్న వేళకి ఈ మనిషి రబ్బరు ముక్కను చూసి మురిసిపోతున్నాడు. ఎవరైనా వెళ్ళి ఆ కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చేస్తే బాగుండును!

ఎవరూ ఈడ్చలేదు. ఎడమవైపు బోల్టు ఇంకా మొండికేసింది. అన్నీ బరువు మీద బిగించి, పొగగొట్టం ఎక్కించి, దుంగలు తీసి కారును నేల మీదికి దించేసరికి బయట లారీ హారన్ వినిపించింది.

లెత్‌బ్రిడ్జ్ గారు ఒంటె రంగు కోటులో దిగారు. నవ్వు మొహం మనిషి, చెడ్డవాడేం కాదు. మాల్కమ్ ఆయన్ని కారు చుట్టూ తిప్పి, "పని చేసింది ఆర్నాల్డేనండి. ఈ బళ్ళు ఫ్యాక్టరీలో కట్టిన చెయ్యి," అన్నాడు. ట్రాంటర్ గోడ గడియారం వైపు చూస్తూ గబగబా చెప్పాడు.

"కొత్త రబ్బరు సార్, మొదట్లో కాస్త బిరుసుగా ఉంటుంది. ఓ వంద మైళ్ళు నెమ్మదిగా నడిపితే సర్దుకుంటుంది."

"నడపడమా!" లెత్‌బ్రిడ్జ్ గారు పకపకా నవ్వారు. "నేనెక్కడ నడుపుతానయ్యా, దీన్లో దూరితే మళ్ళీ బయటికి రాగలనా? ఇది రోడ్డెక్కదు. మా షెడ్డులో పదేళ్ళు అలా ఉంచేస్తా, ధర అదే పెరుగుతుంది. నాలుగు దిమ్మెలు కట్టించాను, చట్రం వాటి మీద కూర్చోబెట్టేస్తే సరి. చక్రాలు నేలకు తగలకూడదట కదా, టైర్లు పాడవుతాయట."

"చక్రాలు... వేలాడుతూ ఉంటాయా సార్?"

"వేలాడుతూనే. అంతే కదూ పద్ధతి?"

ట్రాంటర్ తను ఇప్పుడే నేలకు దించిన చక్రాల వైపు చూశాడు. పదేళ్ళు వేలాడే చక్రాలకు, పొద్దున తను చేసిన తప్పే సరైన బిగింపు. ముందు బిగించినట్టే వదిలేసి ఉంటే ఆ రబ్బరు ఆ షెడ్డులో పదేళ్ళూ హాయిగా నిద్రపోయేది. రెండు గంటలు నేల మీద దొర్లి, ఉన్న ఒప్పును తీసేసి తప్పు పెట్టాడు. గోర్డన్‌కు ముందు నవ్వొచ్చింది. ట్రాంటర్ వైపు చూసి, చేతిలో గుడ్డతో మూతి తుడుచుకుని అవతలికి తిరిగాడు.

"మంచిది సార్," అన్నాడు ట్రాంటర్.

"పరిగెత్తు!" అని గోర్డన్ వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "ఇంకా టైముంది. బట్టలు మార్చుకోకు, పో!"

పరిగెత్తాడు. అరవై రెండేళ్ళ మనిషి, మసి ఓవరాల్స్‌లో, కాలవ పక్క దారంట, రొప్పుకుంటూ పరిగెత్తడం మా ఊరు ఆ రోజే చూసింది. మాంసం కొట్టు ముందు ఎవరో, ఏమైందయ్యా ఆర్నాల్డ్ అని పిలిచారు. పలకలేదు. బస్టాండు మలుపు తిరిగేసరికి బస్సు ఉంది. ఇంజన్ మోగుతోంది, తలుపు ఇంకా తెరిచే ఉంది.

బెరిల్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నీలం కోటు, ఆదివారాలు పెట్టుకునే టోపీ. అతన్ని చూసి కిటికీ పైఅద్దం జరిపింది. ఆమె మొహం విప్పారింది. అతను ఆ మొహాన్ని ఎన్నో ఏళ్ళుగా చూడలేదు.

"వచ్చావే!" అంది.

"వచ్చాను."

"ఎక్కు మరి. ఇదిగో, నా పక్కది ఖాళీయే."

ట్రాంటర్ తలుపు దగ్గరికి వెళ్ళాడు, ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. లోపల సీట్లకు కొత్తగా వేసిన ఎర్రటి మెత్తటి గుడ్డ కనిపించింది. వంగి తన మోకాళ్ళు చూసుకున్నాడు, వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. గ్రీజు, తుప్పు, నేల మీది నూనె. కాలు వెనక్కి తీసి మళ్ళీ కిటికీ కిందికి వచ్చాడు.

"ఈ బట్టలతో ఎలా ఎక్కను, బెరిల్? సీట్లన్నీ పాడవుతాయి. ఇంటికెళ్ళి మార్చుకుని, పొద్దున బస్సుకి..."

ఆమె మొహంలో వెలిగింది ఆరిపోయింది. అది ఆరిపోవడం అతను చూశాడు కూడా.

"పెద్దాయనా, ఎక్కుతున్నారా లేదా?" అని డ్రైవరు కేకేశాడు.

ట్రాంటర్ బెరిల్ వైపు చూశాడు. పరవాలేదు ఎక్కు అని ఆమె ఒక్క మాట అంటే ఎక్కేసేవాడు. కానీ ఆ మాట ఆమె ముప్ఫయ్యారేళ్ళు అంటూనే ఉంది, రకరకాలుగా అంటూనే ఉంది. ఇక ఓపిక లేదు.

"వద్దులే, ఆర్నాల్డ్," అంది. అద్దం మూసింది.

బస్సు వెనక్కి జరిగి, మలుపు తిరిగి, వంతెన మీదుగా వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి ఊపలేదు, అతనూ ఊపలేదు.

కూర్చుందామని వెనక్కి తిరిగాడు. బస్టాండు బల్లకు పచ్చ రంగు వేసి ఉంది, దాన్ని కూడా పాడు చెయ్యకూడదని, పరుచుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూశాడు. బల్ల మీద పేపరు అప్పటికే పరిచి ఉంది. మసి బట్టలతో ఇంటికొచ్చే అతని కోసం వంటింట్లో కుర్చీ మీద రోజూ సాయంత్రం బెరిల్ పరిచినట్టే, రెండు మడతలు వేసి, ఒక మనిషి కూర్చునేంత వెడల్పున, బస్సు కోసం ఆమె కూర్చున్న చోటు పక్కనే. గాలికి ఎగిరిపోకుండా దానికి నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టి ఉన్నాయి.